అఫిలియేట్ ఆఫర్లకు ఈమెయిల్: ఏ ఆఫర్, ఎలాంటి మెయిల్, ఏ టూల్

అఫిలియేట్ పని, అంటే వేరేవాళ్ల వస్తువును సిఫారసు చేసి అమ్మకం మీద కమీషన్ తీసుకోవడం, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మెయిల్స్ పంపడానికి ఏ టూల్ మంచిది?" నా దృష్టిలో అది మూడో ప్రశ్న. మీరు ఏ ఆఫర్ చెప్పబోతున్నారు, దాన్ని ఎలాంటి మెయిల్‌లో చెప్పబోతున్నారు అన్న రెండూ తేలితే టూల్ సంగతి సగం తేలిపోయినట్టే. నేను మాత్రం మూడో ప్రశ్నతోనే మొదలుపెట్టి దెబ్బతిన్నాను. ఆ సంగతి కింద చెప్తాను.

నేను మిద్దె తోట పెంచుకునేవాళ్లకు వారానికో మెయిల్ రాస్తాను. విత్తనాలు, గ్రో బ్యాగులు, కోకోపీట్, డ్రిప్ కిట్లు, షేడ్ నెట్లు. నేను వాడి బాగున్నాయనుకున్నవాటికి అఫిలియేట్ లింకు ఇస్తాను, ఎవరైనా కొంటే కమీషన్ వస్తుంది. అందుకే ఇందులో ఉదాహరణలు ఎక్కువగా తోటవే. మీది వంటిల్లయినా, పోటీ పరీక్షలయినా, ఫోటోగ్రఫీ అయినా లెక్క పెద్దగా మారదు.

ముందు ఇది తేల్చుకోండి: మెయిలా, వాట్సాపా, టెలిగ్రామా?

మనవాళ్లు వాట్సాప్ చూసినంతగా మెయిల్ చూడరన్నది నిజమే. చాలామంది జీమెయిల్ తెరిచేది రైలు టికెట్ కోసమో, బ్యాంకు స్టేట్‌మెంట్ కోసమో. అలాంటప్పుడు మెయిల్ ఎందుకు అని అడగడంలో తప్పులేదు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు. అది కూడా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. వ్యాపారాలు ఎక్కువమందికి మెసేజ్‌లు పంపుకునే బిజినెస్ ఏపీఐ తీసుకుంటే ప్రతి టెంప్లేట్‌కూ (మెసేజ్ నమూనాకూ) ముందు అనుమతి కావాలి, ఒక్కో మార్కెటింగ్ మెసేజ్‌కీ చార్జీ కట్టాలి. అమ్మకానికి పది, పదిహేను రూపాయల కమీషన్ వచ్చే వస్తువుకు ఆ ఖర్చు గిట్టదు. టెలిగ్రామ్ చానల్ ఉచితం, ఎంతమందైనా చేరవచ్చు. గంటలో అయిపోయే డిస్కౌంట్లకు, "లూట్ డీల్" అని అందరూ అనేవాటికి అదే సరైన చోటు. అలాంటి డీల్‌ను మెయిల్‌లో పంపితే చదివేవాడు తెరిచేసరికి స్టాకు ఉండదు, తిట్టుకుంటాడు.

మనిషి ఆలోచించుకుని కొనే వస్తువుకు మాత్రం మెయిలే నయం. నాలుగు వేల రూపాయల డ్రిప్ కిట్ కొనాలంటే భర్తనో భార్యనో అడగాలి, మిద్దె కొలతలు తీసుకోవాలి, జీతం పడేదాకా ఆగాలి. వారం తర్వాత "ఆ మెయిల్ ఎక్కడ?" అని వెతుక్కుంటే దొరుకుతుంది. చానల్‌లో పెట్టిన పోస్టు అప్పటికి రెండొందల పోస్టుల కిందికి వెళ్లిపోయి ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. చానల్ ఆ కంపెనీ చేతిలో ఉంటుంది. మెయిల్ లిస్టు అయితే మీరు డౌన్‌లోడ్ చేసుకుని ఇంకోచోటికి తీసుకుపోవచ్చు.

ఆఫర్ ఎంపిక: కమీషన్ శాతం చూసి మోసపోకండి

ఆఫర్లను పోల్చేటప్పుడు అందరూ శాతం చూస్తారు. నేను ఇంకోటి చూస్తాను. ఈ వస్తువు కొన్న మనిషి ఆరు నెలల తర్వాత కూడా నా మెయిల్ తెరుస్తాడా? దీన్నిబట్టే ఒక్కో రకాన్ని చెప్తాను.

మొదటిది అమెజాన్ లాంటి దుకాణాల వస్తువులు. కమీషన్ తక్కువ. లింకు నొక్కిన 24 గంటల్లో కొంటేనే మీకు లెక్క. ఆ 24 గంటల్లో కార్ట్‌లో వేసుకుంటే మాత్రం 90 రోజులదాకా అవకాశం ఉంటుంది. అందుకే "ఇప్పుడే కొనకపోయినా కార్ట్‌లో వేసి పెట్టుకోండి" అన్న ఒక్క వాక్యం పనికొస్తుంది. తోటవాళ్లకు అది నిజంగా మంచి సలహా కూడా, ఎందుకంటే గ్రో బ్యాగుల సైజు ఇంట్లో కొలిచి చూసుకుని గానీ కొనకూడదు. అమెజాన్‌తో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. దాని అఫిలియేట్ పథకమైన అసోసియేట్స్ ఒప్పందం ఈమెయిల్‌లో అఫిలియేట్ లింకు పెట్టడాన్ని చాలాకాలంపాటు ఆఫ్‌లైన్ ప్రచారం కింద లెక్కగట్టి వద్దంది. మీరు చేరే రోజుకు మీ దేశపు ఒప్పందంలో ఏముందో చదవండి. అనుమానం ఉంటే లింకును మెయిల్‌లో కాకుండా మీ సొంత పేజీలో పెట్టి, మెయిల్‌లో ఆ పేజీ లింకు ఇవ్వండి. ధర మాత్రం మెయిల్‌లో రాయకండి. మీరు ఆదివారం రాసిన 349 రూపాయలు, చదివేవాడు గురువారం తెరిచేసరికి 420 అయి ఉంటుంది. అబద్ధం చెప్పినవాళ్లు మీరే అవుతారు.

రెండోది హోస్టింగ్ (వెబ్‌సైట్‌కు అద్దె చోటు), డిజైన్ టూళ్లు లాంటి సాఫ్ట్‌వేర్. వీటిలో కమీషన్ ఎక్కువ. కొన్నిటిలో కస్టమర్ చందా కడుతున్నన్నాళ్లూ మీకు వాటా వస్తూనే ఉంటుంది. మీ పాఠకులు చిన్న వ్యాపారాలవాళ్లో, ఫ్రీలాన్సర్లో అయితే ఇంతకన్నా మంచి ఆఫర్ లేదు. నా లిస్టులాంటి దానికి మాత్రం ఇది పనికిరాదు. బీరపాదు గురించి చదవడానికి వచ్చినవాళ్లకు హోస్టింగ్ అమ్మబోతే నవ్వుతారు.

మూడోది కోర్సులు, ఈబుక్‌లు. ఇలాంటి సరుకుకు అఫిలియేట్ లింకులిచ్చే క్లిక్‌బ్యాంక్ లాంటి చోట్ల సగానికి పైగా కమీషన్ కనిపిస్తుంది. అది చూసి కళ్లు చెదరడం సహజం. కానీ కొనుగోలుదారు గడువులోగా డబ్బు వెనక్కి అడిగితే మీ కమీషన్ కూడా వెనక్కి పోతుంది. పైగా ఆ సరుకులో ఎక్కువ భాగం అమెరికా పాఠకుల కోసం రాసింది. మీరు పూర్తిగా చదివి, చూసి, "ఇది నా చెల్లికైనా కొనమంటాను" అనిపిస్తేనే పంపండి. తెలుగులో కోర్సులు చెప్పేవాళ్లతో నేరుగా మాట్లాడుకుంటే శాతం తగ్గినా భాష కుదురుతుంది, రీఫండ్లు కూడా తక్కువ.

నాలుగోది డబ్బు వ్యవహారాలు: డీమ్యాట్ ఖాతాలు, క్రెడిట్ కార్డులు, అప్పు యాప్‌లు. ఒక్కో ఖాతాకు వందల రూపాయలు ఇస్తారు, అందుకే అందరూ ఎగబడతారు. షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2024 ఆగస్టులో నిబంధనలు బిగించింది. రిజిస్ట్రేషన్ లేకుండా పెట్టుబడి సలహా ఇచ్చేవాళ్లతో, లాభాల గురించి మాటిచ్చేవాళ్లతో తన కింద నమోదైన సంస్థలు సంబంధం పెట్టుకోకూడదంది. కార్డుల సంగతైతే, ఆ కార్డు మీ దగ్గరే ఉండి, దాని వార్షిక రుసుము, వడ్డీ కూడా మెయిల్‌లో రాయగలిగితే సరే. అప్పు యాప్‌లను నేను చేత్తో కూడా ముట్టను. ఎవరి ఇంట్లోనో రికవరీ ఫోన్లు మోగడానికి నా మెయిల్ కారణం కాకూడదు.

ఐదోది రమ్మీ, బెట్టింగ్, "గేమ్ ఆడి సంపాదించండి" యాప్‌లు. ఇక్కడ పోలికే అవసరం లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో పోలీసులు సినిమావాళ్ల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టడం మనందరం చూశాం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటన ఇస్తే రెండేళ్లదాకా జైలు, 50 లక్షలదాకా జరిమానా పడవచ్చు. టెలిగ్రామ్ గ్రూపుల్లో "ఒక్కో రిజిస్ట్రేషన్‌కు ఇంత" అని ఇప్పటికీ ఆఫర్లు తిరుగుతూనే ఉంటాయి. దయచేసి వద్దు.

మెయిల్ ఎలాంటిది?

ఇక్కడ ఎంచుకోవాల్సినవి నాలుగైదు ఉన్నాయి. డబ్బు వచ్చేదీ పోయేదీ ఇక్కడే కాబట్టి తాపీగా చెప్తాను.

అందరికీ ఒకేసారి పంపే మెయిలా, లేక చేరినవాళ్లకు వాళ్లు చేరిన రోజు నుంచి వరసగా వెళ్లే మెయిళ్లా? మొదటిదాన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు, రెండోదాన్ని ఆటోరెస్పాండర్ లేదా సీక్వెన్స్. "ఒకసారి రాసి పెడితే నిద్రలో కూడా డబ్బు వస్తుంది" అని సీక్వెన్స్ గురించి తెగ చెప్తారు. దానికి చోటు ఉంది గానీ అంత లేదు. మట్టి మిశ్రమం ఎలా కలపాలి, కుండీ అడుగున రంధ్రాలు ఎన్ని ఉండాలి, కోకోపీట్ ఎలా నానబెట్టాలి లాంటివి ఏ నెలలో చేరినవాళ్లకైనా కావాలి. అవి సీక్వెన్స్‌లో పెట్టండి. కోకోపీట్ లింకు కూడా ఆ మూడో మెయిల్‌లోనే సహజంగా ఇముడుతుంది.

విత్తనాల సంగతి వేరు. బీర, సొర, కాకర గింజల మెయిల్ మృగశిర కార్తెకు వారం పది రోజుల ముందు చేరాలి. వానలు పడ్డాక చేరితే అప్పటికే నర్సరీలో కొనేసి ఉంటారు. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సంగతి చలికాలం ముందు చెప్పాలి. డిసెంబరులో చేరినవాడికి సీక్వెన్స్ వల్ల బీర విత్తనాల మెయిల్ వెళ్తే, రాసింది మనిషి కాదు, యంత్రమేదో పంపిందని వాడికి అర్థమైపోతుంది. కాబట్టి కాలంతో ముడిపడినది బ్రాడ్‌కాస్ట్, ఎప్పుడైనా పనికొచ్చేది సీక్వెన్స్. మీ రంగంలో కాలం అంటే పరీక్షల నోటిఫికేషన్ కావచ్చు, పెళ్లిళ్ల సీజన్ కావచ్చు.

తర్వాతిది, ఆఫర్ లింకు నేరుగా మెయిల్‌లోనా, మీ సొంత పేజీ మీదుగానా? నేరుగా పెడితే ఒక క్లిక్కు తగ్గుతుంది, నిజమే. అయినా నేను సొంత పేజీకే ఓటేస్తాను. మీరు పంపిన మెయిల్‌ను మళ్లీ సరిచేయలేరు. ఆఫర్ ఆగిపోయినా, లింకు మారినా, ఆ పాత మెయిళ్లలోని లింకులన్నీ చచ్చిపోతాయి. పేజీ అయితే ఇవాళే మార్చుకోవచ్చు. రెండోది, అఫిలియేట్ నెట్‌వర్కుల (కంపెనీలకూ మనకూ మధ్య ఉండి లింకులిచ్చేవాళ్ల) లింకు డొమైన్లను, అంటే వెబ్ చిరునామాలను, మంచివాళ్లూ వాడతారు, స్పామ్ పంపేవాళ్లూ వాడతారు. వాళ్ల చెడ్డపేరు మీ మెయిల్‌కు అంటుకుంటుంది. లింకులను చిన్నవి చేసే ఉచిత షార్ట్‌నర్లతో కూడా ఇదే చిక్కు, అవైతే అస్సలు వద్దు. ఆ పేజీలో మాత్రం నిజంగా ఏదో ఉండాలి: మీరు తీసిన ఫోటో, మూడు నెలలు వాడాక ఏమైంది, ఏది నచ్చలేదు. ఖాళీ పేజీలో ఒక బటన్ పెడితే అది మీ పాఠకుడికి ఇంకో గేటు మాత్రమే.

మూడోది, ఒక మెయిల్‌లో ఎన్ని ఆఫర్లు? ఒకటి. పోల్చి చూపించే మెయిల్ అయితే రెండు: "ఈ షేడ్ నెట్ ఎందుకు, ఆ షేడ్ నెట్ ఎందుకు కాదు" అని. అంతకు మించితే అది మెయిల్ కాదు, సంతలో కరపత్రం. నాలుగు మెయిళ్లు రాస్తే ఒకదాంట్లోనే నేను ఆఫర్ పెడతాను. మిగతా మూడూ అమ్మకం లేనివి. వాటిని తెరిచే అలవాటు ఉంది కాబట్టే నాలుగోది తెరుస్తారు.

నాలుగోది లిపి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపేవాళ్లున్నారు. ఫోనులో మెసేజ్‌కు అది సరేగానీ, ఆరేడు పేరాల మెయిల్‌ను అలా చదవడం కష్టం. తెలుగులోనే రాయండి. ఒక్క సాంకేతిక సంగతి గుర్తుంచుకోండి. కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు వర్ణానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. "విత్తనం" అన్న మాటకు 21 బైట్లు, ఇంగ్లీషులో అదే మాటకు నాలుగు. జీమెయిల్ దాదాపు 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే నొక్కమంటుంది. కత్తిరించిన భాగంలో పోయేది అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు, అంటే లిస్టులోంచి తప్పుకునే దారి. అది కనబడకపోతే మనిషి స్పామ్ బటన్ నొక్కుతాడు. కాబట్టి తెలుగు మెయిల్‌కు భారీ టెంప్లేట్లు, రంగుల డబ్బాలు పెట్టుకోకండి. మామూలు అక్షరాలు, ఒకటి రెండు ఫోటోలు చాలు. సబ్జెక్టు లైను కూడా ఫోను తెరమీద నాలుగైదు తెలుగు మాటలకే అయిపోతుంది, అసలు విషయం ముందే రాయాలి.

లిస్టులో చేర్చుకునే పద్ధతి గురించి ఒక మాట. పేరు, మెయిల్ ఇవ్వగానే చేర్చుకోవచ్చు, లేదా ఒక మెయిల్ పంపి "అవును, నేనే" అని నొక్కాకే చేర్చుకోవచ్చు. రెండో పద్ధతిలో లిస్టు చిన్నదవుతుంది. అయినా అదే ఎంచుకోండి. తప్పు టైపు చేసిన అడ్రసులు, ఎవరో ఎవరి అడ్రసో ఇచ్చినవీ అక్కడే ఆగిపోతాయి. చేరిన వెంటనే కనిపించే పేజీలో "జీమెయిల్‌లోని ప్రమోషన్స్ ట్యాబ్‌లో కూడా చూడండి" అని తెలుగులో రాయండి, చాలామందికి ఆ ట్యాబ్ ఉన్నట్టే తెలియదు. ఇక "పది లక్షల ఈమెయిల్స్ డేటాబేస్, రూ. 999" అని అమ్మేవాళ్ల దగ్గర ఎప్పుడూ కొనకండి. ఆ లిస్టులో ఒక్కరు కూడా మిమ్మల్ని రమ్మనలేదు.

ఇప్పుడు టూల్

నా దెబ్బ సంగతి ఇక్కడ. నా మొదటి టూల్‌ను ఉచితం అనే ఒక్క కారణంతో తీసుకున్నాను. నియమాల పేజీ తెరవలేదు. ఒక జూన్‌లో, సీజన్ కదా అని వారంలో మూడు ఆఫర్ మెయిళ్లు పంపాను. నాలుగో రోజు పొద్దున లాగిన్ అయితే ఖాతా ఆపేశామని సందేశం. అఫిలియేట్ మార్కెటింగ్‌ను తాము అనుమతించమని వాళ్ల నియమాల్లో మొదటినుంచీ ఉంది. చదవనిది నేనే. లిస్టు డౌన్‌లోడ్ చేసుకునే దారి కూడా మూసేశారు. నా దగ్గరున్న చివరి కాపీ నాలుగు నెలల కిందటిది. ఆ నాలుగు నెలల్లో చేరినవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అందుకే ప్రతి ఆదివారం లిస్టును ఫైలుగా దించుకుంటాను, మీరూ ఆ అలవాటు చేసుకోండి.

కాబట్టి టూళ్లను పోల్చేటప్పుడు ధర కన్నా ముందు చూడాల్సింది అఫిలియేట్ లింకుల మీద వాళ్ల మాట. రెండోది, వాళ్లు దేన్నిబట్టి డబ్బు తీసుకుంటారు: లిస్టులో మనుషులనుబట్టా, పంపిన మెయిళ్లనుబట్టా?

మెయిల్‌చింప్ 2001 నుంచి ఉంది, 2021లో ఇంట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దాదాపు 1,200 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. పేరు అందరికీ తెలుసు, వాడటం తేలిక. కానీ అఫిలియేట్ మార్కెటింగ్‌ను, ఇంట్లో కూర్చుని సంపాదించండి తరహా మెయిళ్లను అది తన నియమాల్లో అనుమానపు జాబితాలో పెట్టింది. ఉచిత ప్లాను ఏటికేడు చిక్కిపోయింది. అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లను ఆర్కైవ్ చేయకపోతే (పక్కన పెట్టకపోతే) వాళ్లు కూడా లెక్కలో ఉంటారు, ఇది తెలియక డబ్బు కట్టేవాళ్లు చాలామంది. సొంత వస్తువులు అమ్ముకునే దుకాణానికి ఇది బాగుంటుంది. మన పనికి కాదు.

కిట్, 2024 అక్టోబరుదాకా కన్వర్ట్‌కిట్. రాసేవాళ్ల కోసం కట్టిన టూల్. మీ మెయిళ్లలో అఫిలియేట్ లింకులు పెట్టుకోనిస్తుంది. ఉచిత ప్లానులో పది వేల మందిదాకా చేర్చుకోవచ్చు, ఆటోమేషన్ (మెయిళ్లను వాటంతటవే పంపే ఏర్పాటు) మాత్రం ఒక్కటే. మొదలుపెట్టేవాళ్లకు ఆ ఒక్కటి చాలు. డబ్బు కట్టే ప్లానుకు మారాల్సి వచ్చినప్పుడు డాలర్ల ధర కాస్త బరువే. ఉచిత ప్లాను హద్దులు మారుతుంటాయి కాబట్టి చేరే రోజున ఒకసారి చూసుకోండి.

గెట్‌రెస్పాన్స్ పోలండ్‌ది, ఏవెబర్ అమెరికాది, రెండూ 1998 నుంచి ఉన్నాయి. అఫిలియేట్‌లు వీటికి కొత్త కాదు, పెద్దగా అడ్డు చెప్పవు. సీక్వెన్స్‌లు బాగా పనిచేస్తాయి. ఏవెబర్ చూడటానికి పాతగా ఉంటుంది. నాకైతే అది పట్టింపు కాదు.

బ్రెవో, పాత పేరు సెండిన్‌బ్లూ. ఇది మనుషులను కాదు, మెయిళ్లను లెక్కపెడుతుంది. ఉచిత ప్లానులో రోజుకు 300 మెయిళ్లు. లిస్టులో 2,000 మంది ఉంటే ఒక్క మెయిల్ అందరికీ చేరడానికి ఏడు రోజులు పడుతుంది, అది కుదరదు. కానీ పెద్ద లిస్టు ఉండి నెలకు ఒకటి రెండు మెయిళ్లే పంపేవాళ్లకు డబ్బు కట్టే ప్లాను చవకగా తేలుతుంది.

జోహో క్యాంపెయిన్స్ మన పక్కనున్న చెన్నై కంపెనీది. రూపాయల్లో బిల్లు, జీఎస్టీ ఇన్వాయిస్, ఫోరెక్స్ (విదేశీ కరెన్సీ) చార్జీల గోల ఉండదు. జోహో మెయిల్, లెక్కలు రాసుకునే జోహో బుక్స్ ఇప్పటికే వాడేవాళ్లకు సహజమైన ఎంపిక. చేరే ముందు అఫిలియేట్ గురించి వాళ్ల సపోర్టుకు రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నిజానికి ఏ టూల్ అయినా ఇలాగే చేయండి. "నేను మిద్దె తోటల గురించి రాస్తాను, నెలకు ఒక అఫిలియేట్ ఆఫర్ పెడతాను, మీకు అభ్యంతరమా?" అని రెండు వాక్యాలు చాలు.

సబ్‌స్టాక్ గురించి కూడా అడుగుతుంటారు. బయటి వస్తువుల ప్రచారమే ప్రధానమైన ప్రచురణలను తాము అనుమతించమని వాళ్లు సూటిగా చెప్పారు. ఆఫర్ల కోసం అక్కడికి వెళ్లకండి.

చివరిది, సొంతంగా నడుపుకోవడం. అమెజాన్‌వాళ్ల మెయిల్ పంపే సేవ ఎస్‌ఈఎస్‌లో వెయ్యి మెయిళ్లకు పది సెంట్లు. 2,000 మందికి నెలకు నాలుగు మెయిళ్లంటే 8,000 మెయిళ్లు, మొత్తం 80 సెంట్లు, ఒక డాలరు కూడా కాదు. దాని మీద లిస్టును నడిపే లిస్ట్‌మాంక్ పెట్టుకోవచ్చు. అది ఉచితం, ఎవరైనా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, షేర్ బ్రోకర్ కంపెనీ జెరోధా సీటీఓ (సాంకేతిక విభాగం అధిపతి) కైలాశ్ నాధ్ రాసింది. సర్వర్ అద్దె ఒక్కటే అదనం. వినడానికి ఎంతో బాగుంది కదా. కానీ సర్వర్ చూసుకోవడం వచ్చినవాళ్లకే ఇది. కొత్త ఖాతా శాండ్‌బాక్స్‌లో, అంటే పరీక్ష దశలో ఉంటుంది, రోజుకు 200 మెయిళ్లు, అవి కూడా మీరు ధ్రువీకరించిన అడ్రసులకే. బయటికి రావాలంటే లిస్టు ఎలా తయారుచేశారో వాళ్లకు వివరించాలి. చేరని మెయిళ్లు 5 శాతానికి, ఫిర్యాదులు 0.1 శాతానికి చేరితే నిఘాలో పెడతారు. 10 శాతానికి, 0.5 శాతానికి చేరితే పంపడమే ఆపేయవచ్చు. అఫిలియేట్ నియమాల పేరుతో ఎవరూ లిస్టును బంధించలేరన్నది ఇందులో గొప్ప సౌలభ్యం. లిస్టు మీ సర్వర్‌లోనే ఉంటుంది.

నేనైతే ఏం చేయమంటాను? సున్నా నుంచి మొదలుపెడుతుంటే కిట్ ఉచిత ప్లాను. సీక్వెన్స్‌లు నాలుగైదు కావాలి, డబ్బు కట్టగలను అంటే గెట్‌రెస్పాన్స్. ఇంట్లో ఒక డెవలపర్ ఉండి, లిస్టు పది వేలు దాటితే ఎస్‌ఈఎస్, లిస్ట్‌మాంక్. నా లిస్టు ఇప్పుడు ఈ మూడో పద్ధతిలోనే నడుస్తోంది. మా తమ్ముడు సర్వర్ చూసుకుంటాడు కాబట్టి సాగుతోంది, లేకపోతే నేను ఆ జోలికి వెళ్లేదాన్ని కాదు.

ఏ టూల్ అయినా తప్పనివి

సొంత డొమైన్ (మీ పేరుతో వెబ్ చిరునామా) తీసుకోండి. ఉచిత జీమెయిల్ అడ్రసు నుంచి టూల్ ద్వారా బల్క్ మెయిళ్లు పంపడం ఇక నడవదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు గట్టిగా మారాయి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే ధ్రువీకరణల్లో కనీసం ఒకటి అందరికీ ఉండాలి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఆ రెండూ, వాటితోపాటు ధ్రువీకరణ తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా కావాలి, ఒకే నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి, అలా వెళ్తామన్నవాళ్లను రెండు రోజుల్లో తీసేయాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంటే క్షేమం. వెయ్యిమందిలో ముగ్గురు స్పామ్ అని నొక్కితే మీరు ప్రమాదంలో పడ్డట్టే. 2025 మేలో అవుట్‌లుక్ కూడా ఇదే దారి పట్టింది. మీ లిస్టు చిన్నదైనా ఇవన్నీ మొదటి రోజే పెట్టుకోండి. టూల్ ఇచ్చే రెండు మూడు వరసలను డొమైన్ సెట్టింగుల్లో అతికించడమే, గంట పని.

ప్రతి ఆఫర్ మెయిల్‌లోనూ, లింకు కన్నా ముందే, "ఇది అఫిలియేట్ లింకు, మీరు కొంటే నాకు కమీషన్ వస్తుంది, మీకు ధర మారదు" అని తెలుగులో రాయండి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి సంబంధాన్ని చెప్పమంటాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షలదాకా జరిమానా వేయగలదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును తెలుగులో కూడా చదువుకునే వీలు ఇవ్వాలి, ఒప్పుకోవడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. మీ లిస్టులో అమెరికా తెలుగువాళ్లుంటే అక్కడి చట్టం ప్రకారం మెయిల్ అడుగున పోస్టల్ అడ్రసు కూడా ఉండాలి.

పన్ను సంగతి: భారతీయ కంపెనీ ఇచ్చే కమీషన్ మీద పరిమితి దాటితే టీడీఎస్ పట్టుకుంటారు. 2024 అక్టోబరు 1 నుంచి అది 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది.

ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

ఎంతమంది మెయిల్ తెరిచారన్న లెక్కను నమ్మకండి. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన మార్పు వల్ల, మనిషి చూడకపోయినా తెరిచినట్టు నమోదవుతుంది. లింకు నొక్కినవాళ్లను లెక్కపెట్టండి. ప్రతి మెయిల్‌కూ వేరే ట్రాకింగ్ ఐడీ పెట్టండి. అప్పుడు మే చివరి విత్తనాల మెయిల్‌తో ఎంత వచ్చింది, సీక్వెన్స్‌లోని కోకోపీట్ మెయిల్‌తో ఎంత వచ్చింది అన్నది విడివిడిగా తెలుస్తుంది. రెండు ఆఫర్లలో దేన్ని కొనసాగించాలో మూడు నెలల్లో తేలిపోతుంది.

అంతకన్నా నేను ఎక్కువ ఎదురుచూసేది జవాబుల కోసం. "జవాబు ఇవ్వకండి" తరహా అడ్రసు నుంచి ఎప్పుడూ పంపకండి, మామూలు అడ్రసు పెట్టండి. పోయిన ఏప్రిల్‌లో షేడ్ నెట్ల మెయిల్ వెళ్లిన సాయంత్రం ఒకావిడ రాశారు: "అక్కా, మాది పడమటి వైపు మిద్దె, మధ్యాహ్నం ఎండంతా మా మీదే. 50 శాతం నెట్ వేయాలా, 75 వేయాలా?" ఆ శాతం అంటే నెట్ ఎంత ఎండను ఆపుతుందన్నది. నేను మెయిల్‌లో ఒకే నెట్‌కు లింకు ఇచ్చాను, దిక్కు సంగతే రాయలేదు. ఆవిడకు ఆ రాత్రే జవాబు రాసి, మర్నాడు నా పేజీలో పడమటి మిద్దెలకు వేరుగా ఒక భాగం చేర్చాను.